కొత్తిల్లు సర్దుకుంటది

తలుపు తెరుచుకోలేదు.

జయకుమారి భుజం ఆనించి నెట్టింది. కింది మూల గచ్చును కరుచుకుని తలుపు కదలనంది. లోపలినుంచి అత్త మూలుగు సన్నగా వినబడుతోంది. మిరపకోతలో ఉన్నదాన్ని పక్కింటి సుబ్బరావమ్మ చేలోకి పరుగున వచ్చి పిలిస్తే, కోసిన కాయ పట్టా మీదే వదిలేసి వచ్చింది. సగంలో పోయినవాళ్ళకు ఎనభై రూపాయల కూలిలో పైసా కూడా రాదని మేస్త్రి వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. కారం పట్టిన చేతుల్తో చెమట తుడుచుకుంది కాబోలు, కళ్ళు భగ్గున మండుతున్నాయి.

"అత్తా! ఏమైంది? యాడున్నావ్?"

"పొయ్యి కాడ పడ్డానే అమ్మాయ్. కాలు రావట్లా."

"లోపల గడియేమన్నా పెట్టావా?"

"నేనేం పెట్టలా. అదే బిగుసుకుపోయింది."

సుబ్బరావమ్మ గడ్డపలుగు తెచ్చింది. ఇద్దరూ కలిసి దాన్ని తలుపు కింద దూర్చి ఎత్తారు. చెక్క చిట్లి, తలుపు ఒక పక్కకు విరిగి వాలింది.

ఆశీర్వాదమ్మ పొయ్యి పక్కన ఒరిగి పడి ఉంది. గచ్చుకు పరిచిన నాపరాయి ఒకటి ఒక కొస పైకి లేచి, రెండో కొస గుంటలోకి దిగి ఉంది. దానిమీద అడుగు వేసినప్పుడే మనిషి పడింది. ఒలికిన నీళ్ళన్నీ ఆ గుంటలోకి ఇంకిపోయాయి.

"దాహమేసి లేచానే," అంది ముసలామె, తప్పు చేసినదానిలా. "కొత్తింట్లో నీళ్ళన్నీ ఒలకబోశా."

ఆ ఇంట్లోకి వాళ్ళు క్రిస్మస్ ముందు వచ్చారు. అంతకుముందు పుట్టిన దగ్గర్నుంచీ పాకలే. ఊరి చివర పల్లపు చేను కొని ప్రభుత్వం కాలనీకి ఇచ్చింది. పత్తి విరగపండే నల్లరేగడి అది. ఎండల్లో మోచేతిదాకా చెయ్యి దిగే నెర్రెలు పడతాయి, వాన పడితే నేల ఉబ్బి అవే మూసుకుంటాయి. పాకలకు అదొక లెక్క కాదు. రాట ఒరిగితే మళ్ళీ నిలబెట్టి పాతుకునేవాళ్ళు. ఇటుకగోడ అలా ఒరగదు, పగులుతుంది. అందుకే పునాది లోతుగా తీసి, నల్లమట్టి ఎత్తిపోసి, ఎర్ర గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టాలని కాలనీ మంజూరైనప్పుడే చెప్పారు. గ్రావెల్ ట్రాక్టర్లు మొదట్లో కాలనీకే వచ్చాయి. తర్వాత రోడ్డు మీదే మళ్ళి, కాంట్రాక్టరు త్రినాథ్ సొంతానికి వేసుకుంటున్న ప్లాట్లకు పోయాయి. అందరూ చూశారు. జయకుమారి మొగుడు యేసుపాదం ఆ ట్రాక్టరు మీదే కూలి. దింపమన్నచోట దింపాడు.

అయినా ఇల్లు ఇల్లే. పాస్టరు గారు ప్రార్థన చేసి ఇంట్లోకి పంపిన రోజు ఆశీర్వాదమ్మ గోడలన్నీ అరచేత్తో తడుముకుంటూ తిరిగింది. "వానొస్తే గిన్నెలు పెట్టుకోబన్లేదు ఇంక," అని కనబడినవాళ్ళందరికీ చెప్పింది.

చలి తగ్గి నేల ఆరేసరికి బండలు కదలడం మొదలుపెట్టాయి. గుమ్మం దగ్గరిది టక్కుమనేది. గోడవారది కిర్రుమని రాపాడేది. పొయ్యి దగ్గరిది డొల్లగా మోగేది. కళ్ళకు పొర కమ్మిన ముసలామె, ఆ చప్పుళ్ళను బట్టే ఎవరు ఎటు పోతున్నారో చెప్పేది. యేసుపాదం ఆదివారం చర్చి నుంచి రాగానే చొక్కా విప్పి బండలు లేపి, కింద ఇసుక కూరి, మళ్ళీ పరిచేవాడు. కొన్నాళ్ళు నోరు మూసుకుని ఉండి, మళ్ళీ మొదలయ్యేవి. ఆలోగా గుమ్మం పైనుంచి కప్పుదాకా గోడ మెట్లుమెట్లుగా చీలింది. సిమెంటు పూస్తే దాని పక్కనే ఇంకోటి నేలదాకా చీలింది. గడప కుంగి తలుపు పట్టేయసాగింది.

యేసుపాదం ఒకసారి ధైర్యం చేసి త్రినాథ్‌ని అడిగాడు.

"కొత్తిల్లురా, సర్దుకుంటది," అన్నాడు త్రినాథ్ నవ్వుతూ. "కొత్త చెప్పులు కరవవా నాలుగు రోజులు?"

ఆ మాటే యేసుపాదం ఇంటికొచ్చి చెప్పాడు. సుబ్బరావమ్మ వాళ్ళకూ, కాలనీ అంతటికీ ఎవరో ఒకరు అదే చెప్పారు.

ఆశీర్వాదమ్మ తుంటి విరిగిందన్నారు ఆసుపత్రిలో. ఆ వయసులో, బలహీనమైన గుండెతో ఆపరేషన్ తట్టుకోలేదు, కదలనీయకుండా చూసుకోమన్నారు. ఆటోలో పడుకోబెట్టి తెచ్చి గోడవార మంచం వేశారు. జయకుమారి కూలి మానేసింది. మిరపకోతలు ఆమె లేకుండానే ముగిశాయి. పొద్దున లేచి అత్తకు ఒళ్ళు తుడవడం, వీపు కింద గుడ్డలు మార్చడం, గంజి తాగించడం. ఎంత చూసినా వేసవి నడిమికల్లా వీపున పుళ్ళు పడ్డాయి.

గోడ రెండో చీలిక సరిగ్గా మంచం పక్కనే ఉంది. దాంట్లోంచి సన్నగా గాలి వచ్చేది. ఆశీర్వాదమ్మ అటు మొహం పెట్టుకుని పడుకునేది.

"గాలొస్తంది అమ్మాయ్. చల్లగా ఉంది," అనేది.

జయకుమారి అక్కడ ఉండలేక పెరట్లోకి పోయేది.

చివరి రోజుల్లో ముసలామెకు మాట తడబడింది. ఒకనాడు కోడలి చెయ్యి పట్టుకుని, "నన్ను పాకలోకి తీసుకపోండే," అంది. "ఈడ నేల నిలవట్లా. ఆడైతే మట్టినేల. పట్టుకుని లేస్తా."

"పాక యాడుందత్తా?" అంది జయకుమారి. "దాని తాటాకంతా పొయ్యిలో పెట్టాంగా."

ఆశీర్వాదమ్మ కాసేపు ఆలోచించింది. "అవును గదా," అని అటు తిరిగింది.

తొలకరి వానకు నేల ఉబ్బింది. గోడ చీలిక వెంట్రుకంత సన్నబడింది. ఆ ముసురులోనే ఆమె పోయింది. తల్లి గొయ్యి యేసుపాదమే తవ్వాడు. పక్కనున్నవాళ్ళు పలుగు అందుకోబోతే ఇవ్వలేదు. ఇంటి పునాదికన్నా చాలా లోతు తవ్వాడు. చాలని ఎవరూ అనలేదు.

సమాధి మీద మట్టి ఆరకముందే త్రినాథ్ కాలనీకి వచ్చాడు. వెంట సున్నం బకెట్టుతో ఖాజావలి, సిమెంటు కలపడానికి యేసుపాదం. మధ్యాహ్నానికి ఆఫీసర్లు వస్తున్నారు. వాళ్ళు చూసి సరేనంటే తప్ప చివరి బిల్లు రాదు. పొద్దుట్నుంచి ఒక్కో ఇంటికీ పగుళ్ళు పూసి సున్నం కొట్టుకుంటూ వస్తున్నారు. ఎవరూ వద్దనలేదు. కొందరు మంచాలు జరిపి చోటిచ్చారు.

"లోపల సామాను కాస్త జరుపమ్మా," అన్నాడు త్రినాథ్ వాకిట్లోంచే. "తెల్లగా చేయిస్తా. నీక్కూడా మంచిదేగా."

"బండల సంగతేందండీ?" అంది జయకుమారి.

"ఈ పూటకి చాప పరువు. తర్వాత చూద్దాం." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. ముసలామె సంగతి అడిగితే జొరమొచ్చి పోయిందని చెప్పు. వయసైపోయిన మనిషి. ఇంటిమీదికి ఎందుకు తేవటం?"

జయకుమారి మొగుడివైపు చూసింది. యేసుపాదం వంగి సిమెంటు కలుపుతున్నాడు. తల ఎత్తలేదు. ఆ మాట అతనికి పొద్దునే చెప్పి ఉంటారని ఆమెకు అర్థమైంది.

విరిగిన తలుపుకు కట్టిన గోనెపట్ట పక్కకు తోసి గుమ్మంలో నిలబడింది.

"ఆమె జొరమొచ్చి పోలా," అంది.

"ఇప్పుడదంతా ఎందుకమ్మా..."

"నీళ్ళు తాగుదామని లేచి పడింది. ఈ ఇంట్లో పడింది. తలుపు రాక మేం పలుగుతో ఇరగ్గొట్టాం. సుబ్బరావమ్మ చూసింది."

పక్కింటి వాకిట్లో సుబ్బరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

త్రినాథ్ నవ్వు పోయింది. "జాబితాలో పేరు రాసినోళ్ళకి కొట్టేయటం ఎంతసేపు? ఇల్లు పోద్ది. మీకిప్పుడు పాక కూడా లేదు, గుర్తుందా?"

"గుర్తుంది. ఆమె చివర్న అడిగింది దాని గురించే."

జయకుమారి రెండు చేతులా ద్వారబంధం పట్టుకుంది.

"వచ్చేవాళ్ళని లోపలికి రమ్మనండి. ఈ బండ మీద నిలబడమనండి. గోడ చూసుకోమనండి. ఆ తర్వాత సున్నం కొట్టుకోండి, నేనొద్దనను. ఇప్పుడు మాత్రం కొట్టనియ్యను."

"ఏరా ఖాజావలీ, ఏం చూస్తన్నావ్?"

ఖాజావలి బకెట్టు నీడలో దించి, కుంచె దానిమీద అడ్డంగా పెట్టాడు. "ఆడమనిషిని నెట్టి పని చెయ్యలేనండీ," అన్నాడు మెల్లగా.

త్రినాథ్ యేసుపాదం వైపు తిరిగాడు. "నీ పెళ్ళానికి నువ్వు చెప్పుకుంటావా, నన్ను చెప్పమంటావా? రేపట్నుంచి ట్రాక్టరెక్కాలా వద్దా?"

యేసుపాదం సిమెంటు తట్ట ఎత్తుకుని గుమ్మం ముందుకు వచ్చాడు. పెళ్ళాం మొహంలోకి చూడలేకపోయాడు.

"జయా, జరుగు," అన్నాడు.

"జరగను," అందామె.

రోడ్డు మీద ఆఫీసర్ల జీపు హారన్ వినిపించింది. త్రినాథ్ విసవిసా అటు నడిచాడు. తట్టలో కలిపిన సిమెంటు ఎండకు అంచుల వెంట తెల్లబారి గట్టిపడుతోంది. యేసుపాదం దాన్ని దించలేదు. గడపా దాటలేదు.