అమ్మేసిన సాంచాల నూగు

పొద్దు వాలి, గల్లీ పొడవునా గడపల్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాటలు సర్దుకునే వేళకు గోవర్ధన్ తన పాత లారీని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టేవాడు. నీలం నగర్‌లో ఆ గల్లీ ఇరుకు. పైన కరెంటు తీగలు వేలాడుతుంటాయి. అందుకని బండి ముక్కును నేరుగా కార్ఖానా తలుపులకేసి పెట్టడం తప్ప వేరే వీలు లేదు. కార్ఖానా అంటే ఇప్పుడు ఖాళీ రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో నాలుగు సాంచాలు టవళ్ళు నేసేవి. గిరాకీ పడిపోయాక ఆ మరమగ్గాలను పాత ఇనుము కింద తూకానికి అమ్మేసి గోవర్ధన్ లారీ కొనుక్కున్నాడు. ఇంకా నడుస్తున్న వేరేవాళ్ళ కార్ఖానాల నుంచి టవళ్ళ మూటలను గోదాముకు చేరవేయడం ఇప్పుడతని పని.

అతను కాళ్ళు కడుక్కుని, పొద్దున వండిన అన్నం కంచంలో పెట్టుకునేసరికి షెడ్డులో సాంచాలు మొదలయ్యేవి. ఆ అమ్మేసినవే. గల్లీలో అందరూ అన్నాలకు లేచేదాకా నడిచేవి. తలుపు సందుల్లోంచి సన్నని నూలు నూగు గాలిలో తేలుతూ వచ్చి దేనిమీద పడితే దానిమీద వాలేది. ఎదురింటి సారిక ఆ చప్పుడు వినగానే తంబాకు చాట మీద పాత చీర ముక్క కప్పేది, నూగు కలిసిన బీడీలను ఎవరూ తీసుకోరు గనుక. ఆరేసిన బట్టలకు ఎర్రనూగు అంటుకుందని పక్కింటివాళ్ళు ఒకసారి గొణిగారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

గోవర్ధన్ భార్య పోయి చాలా కాలమైంది. పిల్లలు కలగలేదు. పగలంతా మూటలెత్తే హమాలీలతో "ఇటు", "అటు", "చాలు" అనడమే అతని మాటలన్నీ. సాయంత్రం ఆ టకటకలు వింటూ తింటే అన్నం నాలుగు ముద్దలు ఎక్కువ పోయేది. సాంచాలు ఆగాక ఇల్లు ఎంత పెద్దదో తెలిసొచ్చేది.

ఎండాకాలం మొదట్లో లారీకి జ్వరం పట్టుకుంది. లోడుతో అక్కల్‌కోట్ రోడ్డులో ఎత్తు ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటేది. పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, చల్లబడేదాకా చెట్టుకింద కూర్చునేవాడు. ఒకనాడు అట్లా రెండుచోట్ల ఆగి గోదాముకు వెళ్ళేసరికి తలుపులు మూసేశారు. బండి బాగుచేయించుకుంటావా, నన్ను వేరే బండి చూసుకోమంటావా అని కార్ఖానాదారు మెత్తగానే అడిగాడు.

అశోక్ చౌక్ వెనక నర్సప్ప మెకానిక్ షెడ్డుకు బండి తీసుకెళ్ళాడు. నర్సప్ప స్పానర్ పట్టే ముందు ప్రశ్నలు వేసే మనిషి. ఎప్పుడు వేడెక్కుతుంది, ఆగి ఉన్నప్పుడా, పరిగెత్తేటప్పుడా? నీళ్ళు తగ్గుతున్నాయా? పొగ తెల్లగా వస్తుందా? ఎన్నాళ్ళ నుంచి? గోవర్ధన్ ఒక్కోదానికీ నిదానంగా, అడిగినదానికంటే కాస్త ఎక్కువగానే జవాబు చెప్పాడు. ఏమైంది, ఎప్పటినుంచి అని ఎవరైనా తనను అడిగి చాలా రోజులైందని అతనికి అప్పుడు తోచింది. బండి గురించే అయితేనేం.

నీళ్ళు తగ్గడం లేదు కాబట్టి ఎక్కడా కారడం లేదన్నమాట. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నూనె నల్లగానే ఉంది, నీళ్ళు కలిసి పాలలా మారలేదు. హెడ్ గ్యాస్కెట్ బాగానే ఉన్నట్టు. ఫ్యాను బెల్టు బిగువుగా ఉంది. నర్సప్ప థర్మోస్టాట్ విప్పి, చాయ్ కాచుకునే స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు పెట్టి అందులో వేశాడు. నీళ్ళు కాగే ముందు అది మెల్లగా నోరు తెరిచింది. దాని తప్పూ లేదు. రేడియేటర్ మూత తీసి ఇంజన్ నడిపితే లోపల నీళ్ళు తిరగడం కంటికి కనిపించింది. అంటే పంపు కూడా సరిగ్గానే ఉంది.

"ఇగ మిగిలింది గాలి అన్నా," అన్నాడు నర్సప్ప. "నీళ్ళు తిరుగుతున్నయి, గాలి తగుల్తలేదు."

ఇద్దరూ కలిసి రేడియేటర్‌ను విప్పి బయటికి తీశారు. ముందునుంచి చూస్తే కాస్త దుమ్ము తప్ప శుభ్రంగానే ఉంది. నర్సప్ప దాన్ని ఎండకు ఎత్తి పట్టాడు. ఆ రేకుల మధ్య నుంచి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు రావాలి. ఎక్కడా చుక్క వెలుతురు రాలేదు. వెనక వైపు నుంచి పైపుతో నీళ్ళు కొడితే, లోపలి వరసల నుంచి నూగు ఊడి రావడం మొదలైంది. ఎరుపు, నీలం, చిలకాకుపచ్చ, తడిసి కంబళిలా పేరుకున్న నూగు. అవన్నీ గోవర్ధన్ కార్ఖానా టవళ్ళ రంగులే.

నర్సప్ప ఒక ముద్దను వేళ్ళ మధ్య నలిపి చూసి, బండి ఎక్కడ పెడుతున్నావని అడిగాడు. కార్ఖానా తలుపుల ముందేనని, సాయంత్రాలు లోపల సాంచాలు నడుస్తాయని గోవర్ధన్ చెప్పాడు. చౌక్ దగ్గర పెట్టకూడదా అంటే, అక్కడ తెల్లారేసరికి ట్యాంకులో డీజిల్ ఉండదన్నాడు.

"మరి సాంచాలు బంద్ చేయించు. లేకుంటే నెలకోసారి గిదే పని. గట్ల మాటిమాటికి గరమైతే ఇంజనే పట్టేస్తది," అన్నాడు నర్సప్ప. "ఎవరు నడిపేటోళ్ళు వాటిని?"

"మంగళ."

"అయితే ఆమెనే పిలుచుకరా. షురూ చేసిన చెయ్యే బంద్ చెయ్యాలె."

మంగళ భవాని పేట్‌లో ఒంటిగది ఇంట్లో ఉంటుంది. భర్త పోయాక కార్ఖానాలో పనికి కుదిరి, నాలుగు సాంచాలనూ ఒక్కతే చూసుకునేది. పొద్దున వచ్చి, కొంగు నడుముకు దోపి, ఒక్కో సాంచా దగ్గరా హ్యాండిల్ నెట్టుకుంటూ పోయేది. అంతకాలం ఒకే కప్పు కింద పనిచేసినా ఆ ఇద్దరి మధ్య నూలు గురించి, కరెంటు గురించి తప్ప మాట నడవలేదు. ఆ చప్పుడులో వేరే మాట వినపడేదీ కాదు.

గోవర్ధన్ వెళ్ళేసరికి ఆమె గడపలో బీడీలు చుడుతూ ఉంది. అతన్ని చూసి లేవబోయింది. కూర్చోమని తను మెట్టు మీద కూర్చున్నాడు. లారీ సంగతి మొదటినుంచీ చెప్పాడు. ఆమె చేతులు ఆకు చుట్టడం ఆపకుండానే అంతా విన్నది.

"నడుస్తనే ఉంటయి సేట్," అన్నది చివరికి. "ఆఖరు దినం నేను వాటిని బంద్ చెయ్యలే. నడిమిట్ల కరెంటు పోయింది. వస్తదని బయట కూసున్న. కరెంటు రాకముందే ఇనుపోళ్ళు వచ్చి విప్పుకపోయిండ్రు. అవి ఇంకా నేతలనే ఉన్నయి."

ఇక్కడ పని ఎట్లా ఉందని అతను అడిగాడు. బాగానే ఉందన్నది. ఇంకో ఆకు తీసుకుని, తలెత్తకుండా, "బీడీలకు చప్పుడుండదు సేట్," అన్నది.

మర్నాడు సాయంత్రం గోవర్ధన్ ఆమెను లారీలోనే తీసుకొచ్చాడు. గల్లీలో ఆడవాళ్ళు పలకరించారు. సారిక నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది. ఆమె నీళ్ళు తాగుతుండగానే లోపల సాంచాలు మొదలయ్యాయి. మంగళ చెంబు కింద పెట్టి తల పక్కకు వంచి విన్నది.

"మూడోదాంట్ల అటు ఇటు ఉరికే నాడె తగుల్తుంది. ఎన్నాళ్ళ సంది గిట్ల?"

గోవర్ధన్‌కు తెలియదు. రోజూ విన్న చప్పుడే, అందులో ఆ తేడా ఉందని అతను ఎన్నడూ పట్టుకోలేదు.

తలుపులు తీశారు. లోపల ఉత్త నేల, బోల్టులు పీకిన గుంతలు. గాలి నిండా నూగు తిరుగుతోంది. మంగళ చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, ఆ ఖాళీలోనే పాత దారిన నడిచింది. సాంచాలు ఉండే చోట పక్కకు ఒరిగి, సందుల్లోంచి దూరుతూ, అక్కడ ఏమీ లేదన్న సంగతి తెలియని దానిలా. మూడో సాంచా దగ్గర వంగి రెండు చేతులతో దేన్నో సరిచేసింది. ఆ తగిలే చప్పుడు పోయింది. కాసేపు దాన్ని అట్లాగే నడవనిచ్చి, చెయ్యి చాచి హ్యాండిల్ లాగింది. మూడోది ఆగింది. తర్వాత మొదటిది ఆగింది. తర్వాత రెండోది.

ఒక్కొక్కటీ ఆగుతుంటే షెడ్డులో గాలి తేరుకుంటూ వచ్చింది. గోవర్ధన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకాసేపట్లో ఈ గల్లీలో వినిపించేది ఎవరింట్లోనో టీవీ, ఎవరో అంట్లు తోముకునే చప్పుడు మాత్రమే. అదంతా పక్కవాళ్ళది, తనది కాదు. రేపు ఈ వేళకు కంచం ముందు ఎట్లా కూర్చోవాలో అతనికి అర్థం కాలేదు.

మంగళ నాలుగోదాని దగ్గరికి వచ్చింది. హ్యాండిల్ మీద చెయ్యి వేసి, అట్లాగే నిలబడిపోయింది. ఆమె చెయ్యి సాంచాతో పాటు సన్నగా అదురుతోంది.

"సేట్," అన్నది అతని వైపు చూడకుండా. "దీని బీముకు చుట్టిన నూలు ఇంక చాలా ఉన్నది."

"ఉండనియ్," అన్నాడు గోవర్ధన్. "అదొక్కటి నడవనియ్యి. ఒక్కదాని నూగే గదా. నేను వారం వారం రేడియేటర్ కడుక్కుంట."

ఆమె చెయ్యి తీసేసింది. ఇద్దరూ వచ్చి గడపలో కూర్చున్నారు, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఒక్క సాంచా చప్పుడు కాబట్టి ఇప్పుడు మాట వినపడుతోంది. ఎదురుగా సారిక చీర ముక్క కప్పబోయి, నూగు అంతగా లేదని చూసి పక్కన పెట్టింది.

"తిన్నవా?" అని అడిగాడు గోవర్ధన్. ఆమెను అతను ఆ మాట అడగడం అదే మొదలు.

లేదన్నది మంగళ. పొద్దున వండిందే ఉంది, ఉల్లిగడ్డ కోసుకోవాలి అన్నాడు. కత్తి ఎక్కడుందో చెప్పమని ఆమె లేచింది.

తర్వాత అతను లారీలో దింపుతానన్నా ఆమె ఒప్పుకోలేదు, షేర్ రిక్షా దొరుకుతుందన్నది. గల్లీ మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. నాలుగోదాని పోగులు తెగుతుంటాయి, అతికే మనిషి ఉండాలి, అందుకని రేపు కూడా రావాల్సి ఉంటుందని చెప్పింది.

"నా చాట తెచ్చుకుంట సేట్. ఈడనే కూసోని చుట్టుకుంట."

"సాంచాలు లేనోణ్ణి, ఇంకేం సేట్‌ని?" అన్నాడు గోవర్ధన్.

మంగళ కొంచెం ఆలోచించింది. "ఒకటి ఉన్నది గదా," అని రిక్షా వైపు చెయ్యి ఊపింది.