రాణి ఏడుపు

"ఏమే ఫిలిన్నా, ఒక్కసారి ఏడ్చి చూపించు," అన్నాడు నా మొగుడు నికోబులోస్.

నేను గుమ్మంలో కూర్చుని మర్నాటి పండగకి దండలు కడుతున్నాను. ఏథెన్సులో పండగంటే నాటకాల పోటీ. ఆడవేషాలూ మగవాళ్ళే కడతారు. ఈసారి రాణి వేషం ఇతనిది.

"దేనికి?"

"నాటకంలో ఊరికి పట్టిన తెగులు పోవాలంటే బిడ్డను బలివ్వమంటుంది దైవవాణి. రాణి ఇచ్చేస్తుంది. ఆ ఏడుపు నాకు పలకడం లేదు. నువ్వప్పుడు పెరట్లో నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చావు చూడు, అలా కావాలి."

అప్పుడు అంటే ముందటేడు. పుట్టిన ఐదో రోజున తండ్రి బిడ్డనెత్తుకుని పొయ్యి చుట్టూ తిరిగితేనే అది ఇంటి బిడ్డ. మాకు ఆడపిల్ల పుట్టింది. ఇతను తిరగలేదు. మట్టికుండలో పెట్టి, చంకనెత్తుకుని, ఊరి ద్వారం అవతల వదిలొచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "నా చేతుల్లో ఏముందే, విధి," అన్నాడు. "దేవతలు తీసుకున్నారు," అంది అత్త. నేను బజారులో దండలమ్మేదాన్ని, వాడిన దండ అంటగడితే కొన్నవాళ్ళు నా జుట్టు పట్టుకుంటారు. అమ్మింది నేను కాదంటే కుదరదు. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి మాత్రం పూచీపడేవాడే లేడు. దేవతల్ని ఏ బజారులో నిలదీయను?

ఇప్పుడు మళ్ళీ నెల తప్పాను. అతనికి చెప్పలేదు. చెబితే ఈ ఇంట్లోనే కనాలి, మళ్ళీ ఐదో రోజు అతని దయ. చెప్పకపోతే ఎక్కడికో పోయి కనాలి, ఇంత కాపురం వదులుకోవాలి. ఎటు తూచినా తేలడం లేదు.

"ఏడుస్తాను, ఊరికే కాదు," అన్నాను.

"మొగుడి దగ్గరా బేరమేనా!" అని నవ్వాడు.

"అమ్ముకునేదాన్నేగా కట్టుకున్నావు. నీ రాణి చివర్లో ఏమంటుంది?"

మెడ నిక్కించాడు. "'దేవుడు అడిగాడు, నిజమే. కాదనే దారి ఉండగా ఇచ్చింది నేనే' అంటుంది. జనం ఊపిరి బిగబట్టేస్తారు!"

"ఆ మాట నాకు చెప్పు. రాణిగా కాదు, నువ్వుగా. మన పిల్ల గురించి."

లోపల్నుంచి అత్త అందుకుంది. "పండగపూట పాత పుండు గోకుతావేమే? వాడి గొంతు పూడుకుపోతే మీ నాన్నొచ్చి వేషం కడతాడా?"

అతను వచ్చి నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నేనే," అన్నాడు. "దేవతలు కాదు, అమ్మ కాదు. కుండలో అది కదులుతూనే ఉంది. వెనక్కి తిరగొచ్చు. తిరగలేదు."

కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి జారాయి. నేను వినాలనుకున్నదంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. లోపల ఏదో మెత్తబడింది. కడుపు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను.

"'తిరగలేదు' దగ్గర గొంతు ఇంకాస్త దించాలంటావా?" అన్నాడు. చెంపలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"దించు," అన్నాను.

ఒప్పుకున్న బేరం కాబట్టి ఏడ్చి చూపించాను. నా భుజాలెలా ఎగురుతున్నాయో, ఊపిరెక్కడ తెగుతోందో తల పక్కకి వంచి చూసి పట్టుకున్నాడు. రెండోసారికి నాకంటే బాగా ఏడ్చాడు. అత్త గుమ్మంలోకొచ్చి కళ్ళొత్తుకుంది.

"పండగయ్యాక పడవెక్కి ఈజినా దీవికి వెళ్తున్నాను, అక్క దగ్గరికి," అన్నాను. "అక్కడ పూలు బాగున్నాయట."

"వెళ్ళు, వెళ్ళు," అన్నాడు, రాణి గొంతుతోనే.

రేపు ఈ బిడ్డ పెరిగి నాన్న ఎక్కడని అడుగుతుంది. దేవతల పేరెత్తను. దూరం చేసింది నేనే అంటాను.