తెల్లచొక్కా, తేర్చిన నూనె

నూనె మరకని ముందుగా నీళ్ళలో ముంచారా, అది బట్టతో కాపురం పెట్టేస్తుంది. ఈ సంగతి జోగమ్మకి ఎవరూ చెప్పలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ వంటవాడి బట్టలు ఉతికిన చేతులు, అవే నేర్చుకున్నాయి. పొడి బట్ట మీదే శనగపిండి చల్లాలి. పిండి జిడ్డు తాగాక దులిపెయ్యాలి. ఆ తర్వాత కుంకుడురసం, మొండి మరకలకి చాకలి సోడా. ఇంత చేస్తే వాసన పోతుందా అంటే మాత్రం, అదొక్కటీ అడక్కండి.

ఆమె మొగుడు తవిటయ్య మద్దిలపాలెంలో ఒక మెస్సులో నూనె మూకుడు దగ్గర పనిచేసేవాడు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికొచ్చిన ఇంజనీర్లు అక్కడే తినేవారు. పూరీలు, బజ్జీలు, చేపముక్కలు, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పొగే. ఆ ఏడు దగ్గు పట్టుకుని వదల్లేదు. పొగకి దూరంగా ఉండకపోతే బతకవని డాక్టరు చెప్పేశాడు. డాక్టరుకేం, ఎన్నైనా చెప్తాడు. మూకుడు మానేస్తే తినేదేమిటి?

అలాంటప్పుడు వడ్డన మనిషి పని మానేసి ఊరెళ్ళిపోయాడు. మేనేజరు సీతారామాంజనేయులుగారిది గోదావరి జిల్లా, మాట మెత్తన.

"సోమవారం నువ్వు వడ్డనకి రావయ్యా, చూద్దాం. పెద్ద ఇంజనీర్లొస్తున్నారు. తెల్లచొక్కా వేసుకో. మరకుండకూడదు, వంటింటి వాసన రాకూడదు," అన్నాడు.

ఆ కబురు విని జోగమ్మ ఏడ్చేసింది, సంతోషంతోనే. వడ్డనంటే ఫ్యాను కింద పని. వడ్డనంటే మొగుడు బతుకుతాడు.

ఉన్న చొక్కా ఒక్కటే, అదీ తెల్లదే. ఆదివారం దాన్ని ముందేసుకుని కూర్చుంది. మరకలు పోయాయి. ఆరబెట్టే దగ్గరొచ్చింది చిక్కు. వాళ్ళ పేట హార్బరు వెనకాల. బయట ఆరేస్తే గాలికి ఓడలకెక్కించే ఇనుప ఖనిజం ఎర్రదుమ్మొచ్చి కూర్చుంటుంది. లోపల ఆరేద్దామంటే ఉన్నది ఒకే గది, పొయ్యీ అందులోనే. ఆలోచించి ఆలోచించి ఆ రోజు పొయ్యే రాజెయ్యలేదు. చద్దన్నంలోకి ఉల్లిపాయ కూడా కొయ్యనివ్వలేదు.

"ఏటే ఇది? ఉపాసం సొక్కాకా, నాకా?" అన్నాడు తవిటయ్య దగ్గుతూ.

"ఒక్క పూటకి సచ్చిపోవులే మావా, తిను."

చొక్కా ఆరింది. కానీ జోగమ్మకి తన ముక్కు మీద నమ్మకం లేదు. నూనె కంపులో కాపురం చేసే ముక్కుకి ఏం తెలుస్తుంది? అందుకే పక్కింటి చిలకమ్మ దగ్గరికి పట్టుకెళ్ళింది. చిలకమ్మ పూలమ్ముతుంది, ఆ ముక్కుకి తిరుగులేదు.

"ఒదినా, ఓపాలి వాసన సూసి సెప్పు."

చిలకమ్మ చొక్కాలో ముఖం పెట్టింది. "ఏటీ లేదొదినా. కుంకుడుకాయ వాసనొత్తంది. పెళ్ళికొడుకు సొక్కానాగుంది!"

సోమవారం పొద్దున్న తవిటయ్య స్నానం చేసొచ్చాడు. జోగమ్మ అతన్ని పీట మీద కూర్చోబెట్టి, గూట్లో సీసా తీసి, దోసిట్లో నూనె వంచి నెత్తికి రాసింది.

"సాల్లే, కారిపోతంది," అన్నాడు.

"కొత్త పనికెల్తూ ఎండు తలతో ఎల్తావేటి? నలుగురూ సూసినా బాగుండాలి కదా!" అని నున్నగా దువ్వి, సింహాచలం వైపు తిరిగి అప్పన్నకి దణ్ణం పెట్టుకుంది.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అదైంది. పొద్దుగూకాక తవిటయ్య ఇంటికొచ్చాడు. చొక్కా నిండా మళ్ళీ మరకలే. గోడకి చేరగిలబడి, దగ్గు ఆగాక చెప్పాడు. మేనేజరు చొక్కా చూసి మెచ్చుకున్నాడట. మొదటి బల్ల దగ్గరే వంగి పప్పు వడ్డిస్తుంటే ఒక ఇంజనీరు కుర్చీ వెనక్కి లాక్కుని, మాడిన నూనె కంపేమిటన్నాడట. మేనేజరు దగ్గరికొచ్చి వాసన చూసి, భుజమ్మీద చెయ్యేసి, "లోపలికెళ్ళవయ్యా, బజ్జీలు చూసుకో," అన్నాడట.

"రేపు మల్లీ అడగరాదా మావా?"

"ఇంకెక్కడ! తగరపువలస మనిషినెవుణ్ణో ఎట్టీసినారు. సొక్కాది కాదే జోగీ, నీ ఉతుకులో లోపం లేదు. కంపు నా వొంట్లోకే ఎక్కీసింది. ఉతికితే పోద్దేటి?"

అంటూ సంచీలోంచి సీసా తీసి ఇచ్చాడు. మూకుట్లో మాడిన నూనెని గుడ్డతో తేర్చి వంటవాళ్ళకి పంచడం ఆ మెస్సులో అలవాటు. ఈ వారం తవిటయ్య వంతు. ఆ ఇంట్లో కూరకీ అదే, దీపానికీ అదే, తలకీ అదే. వేరే నూనె ఏనాడూ కొన్నది లేదు.

సీసా అందుకోగానే పొద్దున్న దోసిట్లో వంచిన నూనె గుర్తొచ్చింది. జోగమ్మ దాన్ని పట్టుకుని చిలకమ్మ గుమ్మంలోకెళ్ళి మూత తీసింది.

చిలకమ్మ ముక్కు మూసుకుంది. "ఛీ ఛీ, మాడు కంపు! దీపానికా ఒదినా?"

"ఆఁ, దీపానికే," అంది జోగమ్మ. ఆ మాట ఎలా పైకొచ్చిందో ఆమెకే తెలీదు.

తిరిగొచ్చేసరికి తవిటయ్య ముంజెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటున్నాడు. చెప్పాలనే నోరు తెరిచింది. నీ వొళ్ళు కాదు మావా, నా చెయ్యి అని. చెప్తే మాత్రం పోయిన పని వస్తుందా? నోరు మూసుకుంది. సీసా ఎప్పటి గూట్లోనే పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, విప్పిన చొక్కా మీద శనగపిండి చల్లడానికి కూర్చుంది. పొద్దున్నే మూకుడు దగ్గరికి మళ్ళీ అదే వేసుకెళ్ళాలి.