సెటిల్ అయిపోయింది

మా అత్తయ్యకి చూపు పోయి ఆరేళ్లయింది. అయినా ఇంట్లో ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోదు. మంచం దిగి, గోడకి చెయ్యి ఆనించి ఎడమవైపు పద్నాలుగు అడుగులేస్తే బాత్‌రూమ్. కుడివైపు ఇరవై ఒకటి వేస్తే ముందుగది, అందులో నా కుట్టుమిషన్. ఆమె చెయ్యి రాసుకుని రాసుకుని గోడ పొడవునా నల్లటి చార పడింది. అద్దె తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా ఇంటాయన దాన్ని చూసి గొణిగేవాడు.

ఆ ఇంటాయన ఇల్లు అమ్మేస్తానన్నాడు. నెలాఖరులోగా లోన్ ఇస్తామన్న బ్యాంకు కాగితం చూపిస్తే మీకే ఇస్తాను, లేదంటే రొక్కం పట్టుకుని వేరేవాళ్లు సిద్ధంగా ఉన్నారు అని చెప్పాడు. అత్తయ్య ఆ మాట వింది.

"వేరే ఇంటికెళ్తే నేనింక మంచానికి అతుక్కుపోతానే" అంది.

ఆమె దేనికీ బతిమాలే మనిషి కాదు. ఆ ఒక్క మాటతో ఎలాగైనా ఈ ఇల్లే కొనాలనుకున్నాను.

మా ఆయన వ్యాను నడుపుతాడు. నేను బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. ఇన్నేళ్లూ నోరు కట్టుకుని దాచింది మేం ముందుగా కట్టాల్సిన వాటాకి సరిపోయింది. మిగతాది బ్యాంకు ఇవ్వాలి.

లోన్లు చూసే మేడమ్‌ది నా వయసే ఉంటుంది. కంప్యూటర్‌లో చూసి కనుబొమ్మలు ముడిచింది.

"మీ క్రెడిట్ స్కోరు బాగా తక్కువుందమ్మా. కుట్టుమిషన్ కోసం పాత లోన్ ఏదైనా ఉందా?"

"ఉండేదండి. మా ఆయన కాలు విరిగి మంచాన పడితే కొన్ని నెలలు కట్టలేకపోయాం. తర్వాత తీరిపోయింది."

"ఇక్కడ సెటిల్డ్ అని ఉంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అవునండి, సెటిల్ అయిపోయింది. కాగితం కూడా ఉంది!"

ఉండటమేమిటి, నలిగిపోకుండా లామినేషన్ చేయించి మరీ దాచాను. ఆ తెలివి నాదే. అప్పట్లో ఆ లోన్ కంపెనీ మనిషి ఇంటికొచ్చి, కొంత ఒకేసారి కట్టేయండి, మిగతాది వదిలేసి సెటిల్ చేసేస్తాం అన్నాడు. మాకు అంతకన్నా మంచి మాట ఏముంది? ఉద్యోగం వస్తే సెటిల్ అయ్యాడంటాం, పెళ్లయితే సెటిల్ అయిందంటాం. మెళ్లో గొలుసు అమ్మి కట్టేశాను. ఆ రోజు ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నాం.

కాగితం సంచిలోంచి తీసి, మంచి మార్కులొచ్చిన పిల్లలా బల్ల మీద పెట్టాను.

మేడమ్ దాన్ని పూర్తిగా చదవను కూడా లేదు. "ఇబ్బంది అదేనమ్మా. సెటిల్డ్ అంటే మీరు మొత్తం కట్టలేదని. మొత్తం కట్టేస్తే క్లోజ్డ్ అని ఉంటుంది."

"వదిలేస్తామని వాళ్లే అన్నారు కదండీ! మేం అడిగామా? మొత్తం కట్టమంటే ఇంకో ఏడాది పట్టినా కట్టేవాళ్లం."

"నిజమేనమ్మా. కానీ రికార్డులో అదే పడింది. ఇప్పుడు ఆ మిగతాది కట్టి, క్లోజ్డ్ అని రాయించుకోండి. స్కోరు పెరగడానికి నెలలు పడుతుంది. అప్పుడు రండి."

"నెలాఖరుకి తొమ్మిది రోజులే ఉన్నాయండి."

ఆమె కాగితాన్ని మెల్లగా నా వైపు జరిపింది. ఆమెని తిట్టుకుందామన్నా తప్పు కనిపించలేదు. దాన్ని పటం కట్టినంత పని చేసిన నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

బయట వ్యానులో కూర్చున్న మా ఆయనకి అంతా చెప్పాను.

"మిగతాది కట్టక్కర్లేదని వాడే కదే అన్నాడు!" అన్నాడు. విసురుగా వ్యాను ఇంటి వైపు తిప్పాడు.

వ్యాను చప్పుడుకే అత్తయ్య గోడ పట్టుకుని ముందుగదిలోకి వచ్చేసింది.

"ఏమైందే?"

అబద్ధం ఆడాలని కాదు. నిజం చెప్పబోతే, నా నోటికి అలవాటైన మాటే బయటికొచ్చింది.

"సెటిల్ అయిపోయింది అత్తయ్యా."

ఆమె మొహం వెలిగిపోయింది. చారని అరచేత్తో నిమిరింది.

"అయితే ఈ గోడ గురించి ఇంటాయన ఇంక గొణగడుగా?"

"గొణగడు."

మా ఆయన మొహం తిప్పుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆమె తనలో తను నవ్వుకుంటూ, అడుగులు పైకి లెక్కపెట్టుకుంటూ మంచం వైపు నడిచింది. ఇరవై ఒకటి దాకా వింటూ అక్కడే నిలబడ్డాను.

నిజం చెప్పడానికి నాకింకా తొమ్మిది రోజులున్నాయి.