మామయ్య అడిగారు

నవంబరు తొమ్మిదిన, జైల్లో ఉన్న భర్తను మొదటిసారి చూడబోయే ముందు, కోడలు తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. అదీ నర్సక్క బలవంతం మీద. జైలు గేటుకు ఎదురుగా ఉన్న గదిని నర్సక్క మరికొందరితో కలిసి నడిపేది. ములాఖత్‌కు వచ్చినవాళ్ల సంచులూ ఫోన్లూ అక్కడ ఉంచుకుని, లోపల ఎలా మసలుకోవాలో చెప్పి పంపేవారు. ఆసుపత్రి నుంచి రిటైరై ఏళ్లయినా, ఎదుటివాళ్లు తినేదాకా కదలని అలవాటు నర్సక్కకు పోలేదు. గుడ్డు తనే ఒలిచి కోడలి చేతిలో పెట్టింది.

ఆ గదిలో అందరికీ చెప్పే కట్టుబాటు ఒకటి ఉంది. ఖైదీకీ చూడవచ్చినవాళ్లకీ మధ్య ఉండే అద్దం, ఆ గాజు దగ్గర చెడ్డ కబురు చెప్పకూడదు.

“నువ్వు చెప్పేసి బస్సెక్కుతావు. అతను దాన్ని మోసుకుంటూ ఒంటరిగా లోపలికి పోవాలి,” అంది నర్సక్క.

కోడలి దగ్గర ఉన్నవి చెడ్డ కబుర్లే. మామగారు గడియారాలు బాగుచేసే మనిషి. పోయినవారి చేతి గడియారాలు కూడా జనం నమ్మి ఆయన దగ్గర వదిలి వెళ్లేవారు. అలాంటి మనిషి కొడుకు, తాను పనిచేసే మందుల గోదాములో సరుకు దొడ్డిదారిన అమ్మి పట్టుబడ్డాడు. శిక్ష పడిన రోజు నుంచి ఆయన నోట కొడుకు మాట లేదు. కోడలిని మాత్రం ఎక్కడికీ పోవద్దన్నాడు. తన టీతో పాటు ఆమెకూ ఒక కప్పు కలిపి, ఏమీ అనకుండా పొయ్యి పక్కన పెట్టేవాడు.

గాజుకు అవతల భర్త రిసీవరు ఎత్తి మొదట అడిగింది నాన్న గురించే. కోడలికి కట్టుబాటు గుర్తొచ్చింది.

“మామయ్య అడిగారు, ఎలా ఉన్నావని,” అనేసింది.

అతను రిసీవరు రెండో చెవికి మార్చుకుని మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పింది.

అబద్ధానికి కాళ్లుండవంటారు. దీనికి మాత్రం ములాఖత్‌కు ఒక కాలు చొప్పున మొలిచింది. చలి మొదలయ్యాక మామయ్య స్వెట్టర్ వేసుకోమన్నారు. లోపల ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దన్నారు. అతని మంచం బాగుచేయిస్తానన్నారు. ప్రతిసారీ ఊరికే అడిగారని చెబితే సరిపోదు, ఏదో ఒకటి కొత్తగా అడగాలి కదా. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె మామగారి మాటలు అల్లుకుంటూ వెళ్లేది. ఇంట్లో పొద్దస్తమానం నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి, గాజు దగ్గర వసపిట్ట అయిపోయాడు.

రెండో శీతాకాలం చివర్లో విడుదల తేదీ ఖాయమైంది. బయటికి వచ్చాక ఎక్కడ ఉంటాడు, ఇంట్లో ఎవరెవరున్నారు, అందరికీ ఇష్టమేనా అని నర్సక్క ఆనవాయితీగా అడిగింది. కోడలు కక్కలేక మింగలేక, చివరికి అంతా చెప్పేసింది.

నర్సక్క రాసుకుంటున్న కాగితం పక్కన పెట్టింది.

“చెడ్డది చెప్పొద్దన్నాను గానీ, మంచిది పుట్టించమన్నానా తల్లీ?”

తర్వాత, ఆ తప్పులో తన కట్టుబాటుకూ వాటా ఉందని తనే ఒప్పుకుంది. ముందు పెద్దాయనకు చెప్పమంది. ఇల్లు ఆయనది, ఆమె మాటలు పెట్టిందీ ఆయన నోట్లోనే.

ఆ సాయంత్రం మామగారు కంటికి భూతద్దం తగిలించుకుని ఒక ఆడవాళ్ల గడియారం విప్పుతున్నాడు. కోడలు బల్ల పక్కన నిలబడి మొదటి మాట నుంచి చెప్పుకొచ్చింది. ఆయన తల ఎత్తలేదు.

“మంచం బాగుచేయించానా?”

“లేదు మామయ్యా. చేయిస్తానన్నారంతే.”

“అమ్మయ్య. డబ్బు మిగిలింది.”

ఆయన పట్టకారు కింద పెట్టాడు. భూతద్దం తీయలేదు.

“వాడేమనేవాడు?”

శిక్ష పడ్డాక ఆయన కొడుకు గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. ఇప్పుడు కల్పించాల్సిన పని లేదు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకునేవాడని చెప్పింది. ఆయన మళ్లీ గడియారం మీదికి వంగాడు.

“రానీ. నేను మాట్లాడతానని మాత్రం చెప్పకు.”

విడుదలైన రోజు గాజు లేదు. నర్సక్క గదిలో ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. కోడలు దాచకుండా చెప్పింది. భర్త తన బూట్ల వంక చూస్తూ విన్నాడు.

“స్వెట్టర్ మాట కూడానా?”

“అదీ నేనే.”

“ఆ ఒక్క మాట మీద చలికాలమంతా గడిపాను.” బూటు లేసు బిగించుకుని, “బాగా చెప్పావు. అచ్చం నాన్నలాగే,” అన్నాడు.

కోపంతో అన్నాడో మరెందుకన్నాడో ఆమెకు తెలియలేదు. నర్సక్క, విడుదలైనవాళ్ల కోసం తాము నడిపే వసతి గృహంలో మంచం ఖాళీ ఉందనీ, కావాలంటే కొన్నాళ్లు అక్కడ ఉండవచ్చనీ అంది. అతను తలూపాడు గానీ భార్య వెంటే బస్సెక్కాడు.

ఇంటి దాకా వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు. పిలవని ఇంట్లోకి రానన్నాడు. మెట్ల మీద కూర్చున్నాడు. లోపల మామగారు తన బల్ల దగ్గర, బయట కొడుకు మెట్ల మీద, మధ్యలో కోడలు. ఎదురింటావిడ బట్టలు తీయడానికి వచ్చి, అతన్ని చూసి, పలకరించకుండా లోపలికి వెళ్లి తన వాకిట్లో దీపం ఆర్పేసింది. అతన్ని ఎవరూ చూడకూడదనే ఆర్పిందని కోడలు అనుకుంది. కంచం మెట్ల దగ్గరికే తెచ్చిచ్చింది. తిన్నాడు. వసతి గృహానికి ఆఖరి బస్సు ఎప్పుడని అడిగాడు.

మామగారు భోజనం చేసి, పనిముట్లు సర్ది, బల్ల మీద గుడ్డ కప్పాడు. రోజూలాగే తలుపు దగ్గరికి వచ్చాడు. రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కోడలు వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని ఉండిపోయింది. ఈసారి ఆయన బదులు తను చెప్పగలిగింది ఏమీ లేదు.

“తలుపు వేసే వేళయింది,” అన్నాడు ఆయన, వీధి వంక చూస్తూ. “ఏ వైపు ఉంటావో చూసుకో.”

కొడుకు లేచాడు. కంచం తీసుకుని, తండ్రి పక్కనుంచి తల వంచుకుని లోపలికి వచ్చాడు. పెద్దాయన జరగలేదు గానీ, దారికి అడ్డమూ రాలేదు. అతను వంటింటి దాకా వెళ్లిన తర్వాత, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా గడియ పెట్టాడు.