తొమ్మిది ముడుల మొలత్రాడు

తాను కన్ను మరల్చిన క్షణముననే బిడ్డ పడిపోవునేమో యనునదియే పైడితల్లికి గల భయములన్నిటిలోను పెద్దది. నీలమేఘమాలికాపరివృతములైన కొండల నడుమ శ్రావణమాసపు సన్నజల్లు ఎడతెగక కురియుచు వరిమళ్లను అద్దములవలె మెరయించుచు పార్వతీపురపు పెంకుటిండ్ల చూరులనుండి సరములు సరములుగా జారుచున్న యొక గురువారపు ప్రాతఃకాలమున ఆమె ఏడేండ్ల కూతురు నూకాలును ఒడిలో నిడుకొని మూర్ఛవైద్యశాల యరుగుపై వరుసలో కూర్చుండియుండెను.

ఆ వైద్యశాలకు ప్రతిమాసము రెండవ గురువారమున విశాఖనుండి తొలి రైలులో వచ్చు వైద్యురాలు హైమవతి. మస్తిష్కనాడీశాస్త్రపారంగతురాలైన యా సాధ్వి మహానగరములలోని పెద్ద కొలువులు పిలిచినను కాదని తన యౌవనమును మూర్ఛరోగులకే ధారవోసెను. గాలి సోకినదని బిడ్డలకు వాతలు పెట్టించు తల్లులకు ఇది మెదడులో లేచు మెరుపుతుపానేకాని దయ్యము కాదని ఇరువదియెనిమిదేండ్లుగా చెప్పి చెప్పి ఆమె గొంతు బొంగురుపోయెను. మూర్ఛవేళ బిడ్డ పిడికిట నిడుటకై వారు కొంగున ముడిచి తెచ్చు ఇనుపతాళపుచెవులను అడిగి పుచ్చుకొని ఒక బుట్టలో వేయించి బిడ్డను పక్కకు త్రిప్పి పండబెట్టుట నేర్పెను. ఒక్కొక్క తల్లికి ఒక్కొక్క పుస్తకమిచ్చి మూర్ఛ వచ్చినప్పుడెల్ల నొక గీత గీయుమనెను. మాసమంతయు పుట తెల్లగా నున్నచో అందరియెదుట మెచ్చుకొని తన జడలోని సన్నజాజులను తుంచి ఆ తల్లి కొప్పున తురుముట ఆమె యాచారము.

ఐదవ తరగతితోనే బడి మానిన పైడితల్లిని అంతవరకు ఎవ్వరును దేనికిని మెచ్చియుండలేదు. రెండేండ్ల క్రిందట నొకనాడు వరుసలో పక్కనున్న సన్యాసమ్మ తన కొప్పు తడవుకొనుచు "ఏమే పైడితల్లీ, మూడుమాసములుగా పూవు నాకే దక్కుచున్నది. నీవు మాత్ర బిడ్డకు వేయుచుంటివా, కోడికి వేయుచుంటివా?" యని వేళాకోళమాడగా అరుగంతయు నవ్వెను. పైడితల్లియు నవ్వెను. ఇంటికి పోయి ఏడ్చెను.

ఆ తరువాత వచ్చిన మూర్ఛకు ఆమె గీత గీయలేదు. అయినను పూర్తిగా దాచుటకు మనసొప్పక నూకాలు నల్ల మొలత్రాడున నొక ముడి వేసెను. ఆ మాసము పూవు దక్కెను. ఇట్లు రెండేండ్లలో పుటలన్నియు తెల్లగా నుండెను, త్రాడున తొమ్మిది ముడులు పడెను.

శ్రావణమాసపు టా గురువారమున హైమవతి పుస్తకమును త్రిప్పి చూచి ముఖము వికసింప "మూర్ఛ రాక రెండేండ్లు నిండినవి తల్లీ. ఇక మాత్రలు కొంచెము కొంచెముగా తగ్గించి చూతము. నడుమ నొక్కటియైనను వచ్చియున్నచో ఇప్పుడే చెప్పుము" అనెను. పైడితల్లి నాలుక చివరకు నిజము వచ్చెను. కాని జాజులు పట్టిన చేయి అప్పటికే ఆమె తలమీదికి వచ్చుచుండెను, సన్యాసమ్మ చూచుచుండెను.

"రాలేదమ్మగారూ" అనెను.

భాద్రపదమున నొక యుదయము నూకాలు పెరటిలో వాననీటి తొట్టికడ ముఖము కడుగుకొనుచుండగా పైడితల్లి అన్నము వార్చుటకై లోనికి పోయెను. వార్చి వచ్చునంతలో అంతయు ముగిసెను. ఆ తొట్టిలో మోకాలిలోతు నీరైనను లేదు.

మరుసటి రెండవ గురువారమున ఆమె ఒంటిగా వచ్చి జరిగినది చెప్పి మొలత్రాడును బల్లమీద పెట్టెను. హైమవతి ముడులను వ్రేళ్లతో లెక్కించెను. మరల లెక్కించెను. "నాకేల చెప్పవైతివమ్మా?" అని యడిగెను.

"మీరు సంతోషించుచుంటిరమ్మగారూ."

హైమవతి జడలోని జాజులను తీసి ఇనుపతాళపుచెవుల బుట్టలో వేసి "నీచేత అబద్ధమాడించినది నా పూవే" యని పలికెను. నాటినుండి కొలువు విరమించువరకు ఆమె పూవు ముడువలేదు. గీతలు మెండుగానున్న పుస్తకము తెచ్చిన తల్లినే చేరబిలిచి మొదట కూర్చుండబెట్టెను, క్రొత్తగా వచ్చిన ప్రతితల్లికిని ఆ త్రాడును చూపెను. ఇన్నివేలమందిని బ్రదికించితివిగదా యని లోకము కొనియాడునప్పుడెల్ల ఆమె వ్రేళ్లు తొమ్మిదివరకు తమంత తామే లెక్కించుకొనుచుండెను.

పైడితల్లి నేటికిని ప్రతి రెండవ గురువారము ఆ యరుగుమీదికి వచ్చి తల్లులు టీ త్రాగి వచ్చునంతవరకు వారి బిడ్డలను ఒడిలో నుంచుకొని రెప్పవేయక చూచుచుండును.

చదువరులారా, మీ వీధిలోను మూర్ఛబిడ్డ గల తల్లి యొకతె యుండవచ్చును. తగ్గినదా యని గుమ్మమునుండి యడుగకుడు, తగ్గినదనియే చెప్పును. లోనికి పొండు. ఆమె అన్నము వార్చుకొని వచ్చునంతసేపు ఆ బిడ్డకడ కూర్చుండుడు.