హులిగమ్మ ఆపమన్న చప్పుడు

హలో, అందరూ బాగున్నారా? నా మాట వినిపిస్తోందా? నేను ఎమ్మిగనూరులో ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసే శ్రీనివాసులును. ఈ ఎండాకాలం గోనెగండ్ల దగ్గర ఒక పల్లెలో జరిగింది చెప్తాను, కొంచెం ఓపికగా వినండి.

ఆ ఊళ్లో మద్దిలేటి అనే ఆయన చనిపోయాడు. కూతురు రూప మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయి ఉంది. మర్నాడు సాయంత్రానికి గానీ చేరుకోలేదు. "నా బిడ్డ వాళ్ల నాయన ముఖం సూడల్ల" అని భార్య హులిగమ్మ పట్టుబట్టింది. ఆదోని నుంచి ఫ్రీజర్ బాక్సు తెప్పించి, అందులో శవాన్ని పడుకోబెట్టారు.

మర్నాడు పొద్దున నాకు ఫోను వచ్చింది. పోయి చూస్తే బాక్సు ఆగిపోయి ఉంది. పక్కనే భజన జరుగుతోంది.

"ఏమైందప్పా?" అని హులిగమ్మ తమ్ముడు జయరాంను అడిగాను.

"మెల్లగా బాగనే తిరుగుతాండె అన్నా. ఉండుండి ట్రాక్టరు మాదిరి అరుస్తాండె. అక్క ఆపమనె. ఆపి మళ్లా వేస్తే నెమ్మదిగా తిరుగుతాండె."

"ఎన్నితూర్లు ఆపినావు?"

"అరిసినప్పుడల్లా."

"మా తాళాలకు లేయనోడు దాని అరుపుకు లేస్తాడేమో అనుకుంటిమి" అన్నాడు భజన ముసలాయన. ఎవరూ నవ్వలేదు.

అది అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే కంప్రెసరు. నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని నూనె గ్యాసుతో పాటు పైపుల్లోకి పోయి అక్కడే నిలిచిపోతుంది. అందుకే అప్పుడప్పుడు తనంతట తానే జోరుగా తిరిగి, ఆ నూనెను వెనక్కి లాక్కుంటుంది. ఆ జోరే వాళ్లు విన్న అరుపు. అరిచిన ప్రతిసారీ ఆపేశారు. నూనె వెనక్కి రాలేదు. లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని పట్టేసింది.

నేను జయరాంకు ఇదంతా చెప్తుంటే హులిగమ్మ విన్నది.

"మా ఆయప్పకు సప్పుడు పడదన్నా. రేడియో గూడా సన్నగా పెట్టుకునేటోడు. అందుకే ఆపమంటి."

ఆదోనిలో ఇంకో బాక్సు దొరకలేదు. ఐసుగడ్డలు పేర్చాం. ఆ ఎండకు అవి నిలవలేదు. రూప బస్సు దిగి వచ్చేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

"అమ్మా, గుడ్డ తియ్యి."

"వద్దు బిడ్డా. నువ్వెరిగిన ముఖం గాదు అది."

"ముఖం సూడనీకే గదమ్మా ఇంత దూరం వచ్చినాను!"

హులిగమ్మ గుడ్డ అంచు వదల్లేదు. రూప పోయి శవం కాళ్ల దగ్గర కూర్చుంది. మిరప ఘాటు ఇంకా పోని చేతులతో తండ్రి పాదాలు పట్టుకుంది.

"కాళ్లు నాయనవే" అంది.

ఈ మాట మీకు తెలిసిన అందరికీ పంపండి. ఫ్రీజర్ బాక్సు గట్టిగా అరిస్తే ఆపొద్దని చెప్పండి. ఎవరి బిడ్డో దారిలో ఉంటుంది.